చిన్నక్క ఎవరిది?

పోయిన వారం నన్ను నేనే విచారణ హాలు బయట ఇనుప బెంచీ మీద కూర్చోబెట్టి వదిలేశాను. ఇంకా అక్కడే ఉన్నాను. నడుము పట్టేసింది.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓర్చుకోండి. నేను ఓడ కెప్టెన్ని. కాకపోతే సముద్రం మీద కాదు, ఒడ్డున. రేవు పక్కన పెద్ద భవనంలో, చలికి శాలువా కప్పుకోవాల్సిన ఏసీ గదిలో కూర్చుని, మూడు సరుకు ఓడల్ని తెరల మీద చూస్తూ నడిపే ఉద్యోగం నాది. ఆ ఓడల్లో మనుషులుండరు. చాలావరకు వాటి దారి అవే చూసుకుంటాయి. ఎదురుగా ఏదైనా అడ్డం వచ్చినప్పుడు, దారి తప్పినప్పుడు నేను చెయ్యి వేస్తాను. మూడూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి కాబట్టి మా గదిలో వాటికి పెద్దక్క, చిన్నక్క, చెల్లి అని పేర్లు పెట్టుకున్నాం.

ఆ మధ్య పొగమంచులో చిన్నక్క ఒక చేపల పడవని గుద్దింది. పడవ మునిగిపోయింది, అందులో ఉన్న ముగ్గురూ నీళ్ళలో పడ్డారు. నేను చిన్నక్కని ఆపాను, వెనక్కి తిప్పాను, వాళ్ళకి గాలీ, అలలూ తగలకుండా అడ్డంగా నిలబెట్టాను. ఇంకో పడవ వచ్చి వాళ్ళని ఎక్కించుకునేదాకా కదల్లేదు. పై అంతస్తు నుంచి కంపెనీ "కదులు, కదులు" అని ఫోన్ చేస్తూనే ఉంది. నేను ఫోన్ పక్కన పెట్టేశాను. మర్నాడు వాళ్ళు నన్ను పక్కన పెట్టేశారు.

ఇప్పుడు సముద్ర రవాణా శాఖ విచారణ పెట్టింది. గుద్దిన పాపం ఎవరిదో తేల్చడం ఒక పని. అంతకన్నా పెద్ద పని ఇంకొకటుంది. మనుషులు లేని ఓడలకి సిబ్బంది నిబంధనలు ఎలా ఉండాలో ఈ కమిటీ ఏం చెబితే అదే రేపటి చట్టం. పాత చట్టంలో ప్రతి ఓడకీ కెప్టెన్ ఉండి తీరాలని ఉంది. ఎక్కడ కూర్చోవాలో రాయలేదు. పాపం, కెప్టెన్ అనేవాడు ఓడలో కాక ఇంకెక్కడో కూర్చుంటాడని రాసినవాళ్ళు కలలో కూడా అనుకుని ఉండరు. ఇక ఓడకి కనీస సిబ్బంది ఎంతమందో శాఖ రాసిచ్చే ధ్రువపత్రం ఒకటుంటుంది. మా ఓడల పత్రంలో "ఓడలో సున్నా, ఒడ్డున ఒకరు" అని ఉంది. ఆ ఒకరు ఒక ఓడకా, మూడింటికా అన్నది లేదు. ఆ సందులోంచే మా కంపెనీ దూరిపోయింది. కొత్త చట్టంలోంచి కెప్టెన్ అన్న మాటే తీసేసి, "పర్యవేక్షకుడు" అని పెట్టమంటోంది. ఒక పర్యవేక్షకుడు పది ఓడలు చూసుకోగలడట. చూసుకోవడం అంటే చూస్తూ కూర్చోవడం అనుకున్నారేమో.

ఇదీ సంగతి. ఇక బెంచీ దగ్గరికి వద్దాం.

భోజన విరామంలో కంపెనీ లాయరు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మాట మరీ మెత్తన. అందుకే ఆయనకి నేను వెన్నపూస అని పేరు పెట్టుకున్నాను.

"చూడమ్మా, నీ మంచి కోరి చెప్తున్నా," అన్నాడు. "లోపలికెళ్ళాక ఒక్క ముక్క చెప్పు. 'నేను కెప్టెన్ని కాదు, తెరలు చూసే ఉద్యోగిని' అను. అంతే. ఉద్యోగి మీద గుద్దిన నేరం పడదు. మిషన్ తప్పంటాం, మిషన్ బాగుచేయిస్తాం. నీ లైసెన్సు నీ దగ్గరే ఉంటుంది. శిక్షణ విభాగంలో మంచి కుర్చీ కూడా ఖాళీగా ఉంది."

"కెప్టెన్నే అంటే?"

"అంటే గుద్దింది నువ్వే. లైసెన్సు పోతుంది. ఆ తర్వాత పార్కులో పెడల్ బోటు కూడా నిన్ను తొక్కనివ్వరు."

"పొద్దున లోపల, గుద్దిన సమయానికి ఓడ పూర్తి బాధ్యత నాదే అన్నారుగా మీరు?"

"అన్నాను."

"ఆ వెంటనే, ఓడని ఆపే అధికారం నాకు లేదని కూడా అన్నారు?"

"అదీ అన్నాను."

"గుద్దేటప్పుడు కెప్టెన్ని, ఆపేటప్పుడు గుమాస్తానా?"

వెన్నపూస నవ్వాడు. "చట్టంలో అలాంటి వెసులుబాట్లు ఉంటాయమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను. "నీళ్ళలో కొట్టుకుపోతున్న మనిషి కనబడితే ఆగి కాపాడాల్సింది కెప్టెను. చట్టం ఆ బరువు కెప్టెన్ నెత్తినే పెట్టింది, కంపెనీ నెత్తిన కాదు. రేపు మీరు కెప్టెన్నే తీసేస్తే ఎవరాగుతారు?"

"మిషన్‌కి నేర్పిస్తాం."

"ఎప్పుడు?"

"త్వరలో."

"అప్పటిదాకా నీళ్ళలో పడ్డవాళ్ళని కాస్త ఓపిగ్గా తేలుతూ ఉండమని చెప్పండి!"

నా గొంతు కొంచెం పెద్దది. వరండా అంతా వినపడింది. అవతలి బెంచీ మీద టిఫిన్ డబ్బా మూత పెట్టుకుంటున్న ఒకాయన చటుక్కున తలెత్తాడు. ఎండకి నల్లబడిన మొహం, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు వదులుగా ఉన్న తెల్ల చొక్కా. లేచి నా దగ్గరికి వచ్చి, నా మొహంలోకి కాదు, నా నోటి వంక చూశాడు.

"ఆ గొంతు నీదేనామ్మా?" అన్నాడు.

ఎవరో అర్థమైంది. మునిగిన పడవ ఈయనదే. నేనెప్పుడూ ఈయన మొహం చూడలేదు. తెర మీద ఈయన నీళ్ళలో ఒక నల్ల చుక్క. ఆ రోజు నేను ఓడకున్న మైకులోంచి ఆ చుక్కలతో మాట్లాడుతూనే ఉన్నాను.

"మా బావమరిది చెయ్యి విరిగి ఏడుస్తుంటే, 'ఏడవకు నాయనా, ఆ చెక్క వదలకు, నేనిక్కడే ఉన్నా' అన్నావు," అన్నాడు. "పైకి చూస్తే ఓడ మీద పురుగు లేదు. దయ్యమనుకున్నాం."

"దయ్యాన్ని కాదన్నా. ఒడ్డున ఏసీ గదిలో ఉన్నా."

"గుద్దింది కూడా ఆ ఓడేగా?"

"ఆ ఓడే."

"నా పడవ పోయింది."

"పోయింది," అన్నాను.

"నువ్వు మాత్రం పోలేదు," అన్నాడు. "లోపల రెండూ చెప్తా. గుద్దిందీ చెప్తా, నిలబడిందీ చెప్తా." వెన్నపూస వంక ఒక చూపు చూసి, డబ్బా సంచిలో పెట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు.

వెన్నపూస కూడా లేచాడు. ఆయన అటు వెళ్ళాడో లేదో ఇటు మెట్ల మీద బూట్ల చప్పుడు. ఆ నడక నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మా బాబాయి.

బాబాయి అంటే మా నాన్న సొంత తమ్ముడు. పెద్ద కెప్టెన్. నన్ను సముద్రం మీదికి పంపింది, పని నేర్పింది, మా నాన్న వద్దని గుమ్మానికి అడ్డం నిలబడితే నా పెట్టె తనే మోసింది ఈయనే. ఇప్పుడు మా కంపెనీలో ఓడల డైరెక్టరు. ఇంట్లో బాబాయి, ఆఫీసులో సార్.

"ఏమే, మొండికేస్తున్నావట?"

"మీ పోలికే, సార్."

"ఇక్కడ సార్ ఏంటే?"

"బాబాయైతే లాయరు వెళ్ళాక రారు. ముందే వస్తారు."

ఆ దెబ్బ తగిలింది. బాబాయి మెట్ల రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. మనిషి బాగా తగ్గాడు, కోటు భుజాల దగ్గర జారుతోంది. పిన్ని చెబుతూనే ఉంది, సరిగ్గా తినడం లేదని.

"లైసెన్సు పోతే ఏం చేస్తావు?" అన్నాడు. "ఎంత కష్టపడి సంపాదించావో నాకు తెలీదా? నా మాట విను తల్లీ. ఒక్క మాటేగా. కెప్టెన్ని కాదని చెప్పి బయటపడు."

"ఆ మాట మీరనగలరా? నేనెప్పుడూ కెప్టెన్ని కాదు అని, ఇక్కడ, ఇప్పుడు, నా ముందు అనండి. మీ వెనకాలే నేనూ అంటా."

బాబాయి గోడ వంక చూశాడు. గోడ మీద మంటలార్పే డబ్బా ఎలా వాడాలో బొమ్మలున్నాయి. వాటిని చాలా శ్రద్ధగా చదివాడు.

"ఆ రోజు సంగతి... లోపల చెప్తావా?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"చెప్పను. అది చెప్పాల్సింది నేను కాదు."

"పిన్నికి చెప్పావా?"

"పాలు పొంగితే ఎవరు తుడవాలో పిన్నికి నేను చెప్పాలా?"

బాబాయి మొహం మాడిపోయింది. హాల్లోకి వెళ్ళిపోయాడు.

ఈ పాల గొడవేంటో మీకు చెప్పాలి. ఓడ మీద డ్యూటీ మారేటప్పుడు ఒక పద్ధతి ఉంటుంది. దిగిపోయేవాడు "ఓడ నీది" అనాలి. తీసుకునేవాడు "ఓడ నాది" అని పైకి, వినపడేలా అనాలి. ఆ జవాబు చెవిన పడేదాకా మొదటివాడు అడుగు కదపకూడదు. జవాబు రాకపోతే మళ్ళీ చెప్పాలి, వచ్చేదాకా చెబుతూనే ఉండాలి. పెద్ద కెప్టెనే వచ్చి పక్కన నిలబడినా సరే, ఆ మాట అననంతసేపూ ఓడ డ్యూటీలో ఉన్నవాడిదే. గొడవల్లేవు, అపార్థాల్లేవు. ఏ క్షణంలో అడిగినా ఓడకి ఒక మనిషి ఉంటాడు.

బాబాయి ఈ పద్ధతిని సముద్రం మీదే వదిలేసి రాలేదు, ఇంటికి తెచ్చి మా అందరి మీదా రుద్దాడు. పొయ్యి మీద పాలు పెట్టి పిన్ని పెరట్లోకి వెళ్ళాలంటే "పాలు నీవి" అనాలి, మాలో ఎవరో "పాలు నావి" అనాలి. అన్నాక పొంగితే తుడిచేది వాళ్ళే. చంటిపిల్ల, ఆరేసిన బట్టలు, గేటు తాళం, అన్నీ ఇలాగే చేతులు మారేవి. పక్కింటివాళ్ళు మమ్మల్ని పిచ్చివాళ్ళ కింద జమకట్టారు. ఒక మధ్యాహ్నం బాబాయి గుర్రుపెట్టి నిద్రపోతుంటే పిన్ని వంటింట్లోంచి "పాలు నీవి" అని నాతో అంది. నేను నోరు తెరిచేలోపే పడక్కుర్చీలోంచి కళ్ళు మూసుకునే బాబాయి "పాలు నావి" అన్నాడు. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. పాలు పొంగాయి. నిద్ర లేచాక తుడిచింది మాత్రం ఆయనే, ఒక్క మాట అనలేదు.

మా కంట్రోల్ రూములో ఈ పద్ధతి లేదు. కార్డు గీకితే ఓడ చేతులు మారుతుంది, తెర మీద పేరు మారుతుంది. నోరు విప్పే పని లేదు.

ఆ రోజు పెద్దక్క రేవులోకి వస్తోంది. చుట్టూ పొగమంచు, రేవు ముఖద్వారంలో ఎదురుగా ఇంకో ఓడ. నా రెండు కళ్ళూ రెండు చేతులూ దానికే చాలడం లేదు. అప్పుడు బాబాయి గదిలోకి వచ్చాడు. పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, "చిన్నక్కని ఇటివ్వు," అన్నాడు.

"చిన్నక్క మీది," అన్నాను.

"చిన్నక్క నాది," అన్నాడు.

కార్డు ఆయన గీకలేదు, గీకమని నేనూ అడగలేదు. ఇద్దరం ఓడల మీద పెరిగినవాళ్ళం. మాట ఇచ్చి పుచ్చుకున్నాక మధ్యలో ఈ ప్లాస్టిక్ ముక్క గుర్తుకొస్తుందా? జన్మలో ఓడెక్కని వాళ్ళయితే బుద్ధిగా గీకేవారు.

కాసేపటికి ఆయన ఫోన్ మోగింది. మాట్లాడుతూ లేచి తలుపు దాకా వెళ్ళాడు. ఓడని తిరిగి ఇవ్వలేదు. నేను పెద్దక్క మీంచి చూపు తిప్పలేదు, చిన్నక్కకి మనిషి ఉన్నాడన్న ధీమా. అంతలో అలారం. తెర మీద మంచులో తెల్లగా ఏదో పక్కకి ఒరిగింది. "చిన్నక్క నాది!" అని అరిచి లాక్కున్నాను. అప్పటికే అయిపోయింది. మిగతాది మీకు తెలుసు.

ఇన్ని వారాలూ ఈ ముక్క మీ దగ్గర కూడా దాచాను. తిట్టుకుంటే తిట్టుకోండి. బాబాయిని కాపాడదామని కాదు. తీసుకున్నవాడే నోరు తెరిచి "నాది" అనాలి. ఆయన బదులు నేనంటే అది చాడీ అవుతుంది, అప్పగింత కాదు.

విరామం అయిపోయింది. లోపల పంకాలు గరగరమంటున్నాయి. కమిటీ అధ్యక్షురాలు రిటైరైన జడ్జి. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దాని కోసమే బల్లంతా వెతుకుతూంటుంది గానీ, మాట మాత్రం ఒక్కటీ జారనివ్వదు. ముందు పడవాయన్ని పిలిచారు. గుద్దింది చెప్పాడు, నిలబడింది చెప్పాడు.

వెన్నపూస లేచాడు. "ఓడ మీద మనిషి ఎవరైనా కనిపించారా?"

"లేదు బాబూ."

"ఒక్కరు కూడా?"

"చెప్తున్నాగా, ఓడలో ఎవరూ లేరు. కానీ మా దగ్గర ఒక మనిషి ఉంది." పడవాయన నా వైపు వేలు చూపించాడు. "ఇదిగో, ఈ అమ్మాయి."

వెన్నపూస అదేం విననట్టు కాగితాలు సర్దుకున్నాడు. తర్వాత నన్ను పిలిచారు.

"సూటిగా అడుగుతున్నానమ్మా," అంది అధ్యక్షురాలు. "ఆ రోజు చిన్నక్కకి... ఆ ఓడకి, మీరు కెప్టెనా, కాదా?"

లైసెన్సు నా చేతిసంచిలో ఉంది. అడిగితే అక్కడే ఇచ్చేద్దామని తెచ్చుకున్నాను. బల్ల కింద సంచి మీద చెయ్యి వేసుకుని చెప్పాను.

"కెప్టెన్నేనండి."

హాల్లో కలకలం రేగింది. వెన్నపూస పండగ చేసుకున్నాడు. "రాసుకోండి," అన్నాడు గుమాస్తాతో.

"అవును, రాసుకోండి," అన్నాను నేనూ. "తప్పుల్లేకుండా రాసుకోండి. కెప్టెన్ని కాబట్టే ఆపాను. కంపెనీ కదలమంది. ఓడ విషయంలో చివరి మాట కెప్టెన్‌దని చట్టంలో ఉంది, అందుకే కంపెనీ ఫోను పక్కన పెట్టాను. రేపు మళ్ళీ అలాగే జరిగితే మళ్ళీ పక్కన పెడతాను. మీరు కెప్టెన్‌ని ఒడ్డున కూర్చోబెడతారో, చంద్రమండలంలో కూర్చోబెడతారో మీ ఇష్టం. కానీ ఒక ఓడకి ఒక మనిషి ఉండాలి. ఇది నాది అనుకునే మనిషి. పదింటిని చూసేవాడు ఏ ఒక్కదాన్నీ నాది అనడు మేడమ్. మూడింటిని చూసిన దాన్ని, నాకు తెలుసు."

"ఉపన్యాసం బాగుంది," అన్నాడు వెన్నపూస. "అయితే గుద్దిన క్షణంలో ఓడ మీదేగా?"

"కాదు."

"ఇప్పుడే కదమ్మా కెప్టెన్నన్నారు!"

"అప్పగించేదాకా కెప్టెన్ని. అప్పగించాక కాదు. తిరిగి లాక్కున్నాక మళ్ళీ కెప్టెన్ని. గుద్దింది ఆ మధ్యలో."

"ఎవరికి అప్పగించారు?"

"వాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. చెప్పాల్సింది వాళ్ళు."

వెన్నపూస కమిటీ వైపు తిరిగి చేతులు చాపాడు. "రికార్డులో ఈవిడ కార్డు తప్ప ఇంకో కార్డు లేదు మేడమ్."

"కార్డు గీకలేదు. నోటితో ఇచ్చాను."

వెనక కంపెనీ వాళ్ళు ముసిముసిగా నవ్వారు. "నోటి మాటకి చట్టంలో ఏం విలువుంటుందమ్మా?" అన్నాడు వెన్నపూస, చిన్నపిల్లకి చెప్పినట్టు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ కార్డు నిన్న కాక మొన్న పుట్టింది సార్. అంతకుముందు ఓడలన్నీ ఆ నోటి మాట మీదే నడిచాయి."

"ఆగండి," అంది అధ్యక్షురాలు. "ఆ నోటి మాట పద్ధతేంటో చెప్పమ్మా."

చెప్పాను. మీకు చెప్పినట్టే, పాల సంగతి మినహాయించి. ఆవిడ శ్రద్ధగా వింది.

"ఆ రోజు మీరు అప్పగిస్తే జవాబు వచ్చిందా?"

"వచ్చింది."

"రుజువు?"

ఏముంది నా దగ్గర రుజువు? గదిలో మేమిద్దరమే ఉన్నాం. అక్కడ కెమెరాలు ఓడల్ని చూడ్డానికే గాని మమ్మల్ని చూడ్డానికి కావు. వెన్నపూస అప్పుడే కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు.

వెనక్కి తిరిగాను. మొదటి వరసలో, కంపెనీ పెద్దలిద్దరి మధ్య బాబాయి కూర్చుని ఉన్నాడు. నా తర్వాత సాక్ష్యం ఆయనదే. ఒక మనిషి మూడు ఓడలు భేషుగ్గా చూసుకోవచ్చని, అనుభవం ఉన్న కెప్టెన్‌గా, ఆయన నోటితోనే చెప్పించబోతున్నారు.

"చిన్నక్క నీది, బాబాయ్," అన్నాను.

వెన్నపూస దిగ్గున లేచి, "ఇదేంటి మేడమ్, ఇదేం..." అంటుంటే అధ్యక్షురాలు చెయ్యెత్తి ఆపింది.

బాబాయి తన బూట్ల వంక చూస్తున్నాడు. దవడ బిగుసుకుంది.

జవాబు రాకపోతే మళ్ళీ చెప్పాలి. ఆయనే నేర్పాడు.

"చిన్నక్క నీది."

బాబాయి కళ్ళు మూసుకున్నాడు. పక్కనున్న కంపెనీ పెద్దమనిషి ఆయన మోచేతి మీద చెయ్యి వేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఈ మనిషి నా పెట్టె మోసినవాడు. ఏడవదలుచుకోలేదు. ఈసారి గొంతు పెంచలేదు, పిన్ని వంటింట్లోంచి ఎలా అంటుందో అలా, మామూలుగా అన్నాను.

"చిన్నక్క నీది."

"చిన్నక్క నాది."

గట్టిగా, వినపడేలా అన్నాడు. పంకాల చప్పుడు దాటి వెనక వరస దాకా వెళ్ళింది ఆ గొంతు.

ముందు తేరుకున్నది వెన్నపూసే. "అలవాటు! అది ఉత్త అలవాటు మేడమ్! ఈవిడ ఆయన్ని... ఇది సాక్ష్యం ఎలా అవుతుంది?"

"అలవాటు కాదు," అన్నాడు బాబాయి. మోచేతి మీది చేతిని తీసేసి లేచి నిలబడ్డాడు. "అలవాటుగా రాబోతే రెండుసార్లు పళ్ళ బిగువున ఆపుకున్నా. మూడోసారి నేనే అన్నా. ఆ రోజు కూడా ఇలాగే అన్నాను మేడమ్. ఓడ నాది. గుద్దినప్పుడు నాదే. తిరిగి ఇవ్వకుండా ఫోన్ పట్టుకుని లేచిపోయాను. ఇంతకన్నా చిన్న తప్పుకి కుర్రాళ్ళని ఓడ దింపేశాను నేను. ఆ పడవ మునిగింది నా చేతిలో. ఆ ముగ్గురి కోసం ఓడని నిలబెట్టింది మా అమ్మాయి."

పడవాయన బాబాయినే చూస్తున్నాడు. అందులో క్షమించడం లాంటిదేం లేదు, కానీ ఇన్నాళ్ళకి తిట్టుకోడానికి ఒక మొహం దొరికినట్టు ఊపిరి వదిలాడు. గుమాస్తా ఆగకుండా రాస్తోంది. నేను బల్ల కింద సంచి మీంచి చెయ్యి తీశాను.

అధ్యక్షురాలు కళ్ళజోడు నెత్తి మీంచి కళ్ళ మీదికి దించుకుంది. "మీరు చెప్పింది మీ లైసెన్సుకీ ఉద్యోగానికీ ఏం చేస్తుందో తెలుసా కెప్టెన్ గారూ?"

"తెలుసండి. అది నేను తుడుచుకుంటాను." బాబాయి ఆగాడు. "కానీ మేడమ్, ఇన్నాళ్ళూ ఓడ ఎవరిది, ఓడ ఎవరిది అని అడుగుతున్నారు. డైరెక్టరు అంతటివాడు ఆ గదిలోకి ఎందుకు దిగాడని ఒక్కరూ అడగలేదు."

అప్పుడు తట్టింది నాకు, మొహం మీద నీళ్ళు కొట్టినట్టు. ఆ గది తెరిచిన రోజు రిబ్బను కత్తిరించడానికి వచ్చిన మనిషి, మళ్ళీ ఎప్పుడూ గుమ్మం తొక్కలేదు. గుద్దిన ఆ ఒక్కరోజే వచ్చాడు. వచ్చినవాడు నాకు సాయం చేద్దామనుకుంటే అడగాల్సింది పెద్దక్కని. ఇరుకులో పడ్డది పెద్దక్క. చిన్నక్క అప్పటికి ఖాళీ సముద్రం మీద తన మానాన తను పోతోంది.

"చిన్నక్కనే ఎందుకు అడిగావు బాబాయ్?"

బాబాయి నా వైపు తిరిగాడు. వెన్నపూస "జవాబు చెప్పకండి సార్!" అని అరిచాడు, మొదటిసారి ఆ గొంతులో మెత్తదనం లేకుండా.

"పొద్దున్నే, పొగమంచు ఇంకా దిగకముందే పై అంతస్తు నుంచి నాకు చెప్పారే," అన్నాడు బాబాయి. "ఈ రోజు చిన్నక్క ఆగే మనిషి చేతిలో ఉండకూడదు, అని."